మనవాళ్ళను అప్పగించే ముందు

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. వంకాయలు ఏరేటప్పుడు పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. నగరిలో మరమగ్గం మీద నేసిన గుడ్డ కొనే వ్యాపారి దాన్ని వెలుతురుకు పట్టి పోగులు చూసిగాని డబ్బు తీయడు. కాని కన్నతండ్రినో, తాగుడుకు బానిసైన తమ్ముణ్ణో, మతి చలించిన చెల్లెలినో ఒక ఆశ్రమానికి అప్పగించేటప్పుడు మాత్రం మనలో చాలామంది ఏమీ చూడరు. "ఆడ బాగా చూసుకుంటారంట అన్నా, విడిచిపెట్టి రా" అని ఎవరో చెబుతారు. వెళ్తాం. గేటు మీద బోర్డు, ఆఫీసు గదిలో దేవుడి పటం చూస్తాం. నెలకు ఎంతో అడుగుతాం. సంచి దించి వచ్చేస్తాం.

దీన్ని నిర్లక్ష్యం అని తీసిపారేయడం న్యాయం కాదు. భార్యాభర్తలిద్దరూ మగ్గాల దగ్గర నిలబడితేగాని పూట గడవని ఇళ్ళు నగరిలో, ఏకాంబరకుప్పంలో ఎన్ని లేవు! పక్షవాతంతో మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతూ ఉండాలంటే ఆ ఇంట్లో ఎవరున్నారు? అందుకే సాయం కోసం బయటికి చూడవలసి వస్తుంది. నగరివాళ్ళకు దారులు కూడా ఎక్కువే. ఇటు పుత్తూరు మీదుగా తిరుపతి. అటు చిత్తూరు, వేలూరు. కాస్త దూరం పోయి రాష్ట్ర సరిహద్దు దాటితే తిరుత్తణి, ఆ పైన చెన్నై. దారులు ఎక్కువైనప్పుడు ఏది మంచిదో తెలుసుకోవడం మరీ అవసరం.

జబ్బుకు మందు ఎంత ముఖ్యమో, ఆ మందు ఇచ్చే చోటు కూడా అంతే ముఖ్యం. అందుచేత ఈ వారం మందుల సంగతి కాస్త పక్కన పెట్టి, సేవాసంస్థలను ఎలా పరీక్షించాలో చెప్పుకుందాం.

ఏర్వాడి నేర్పిన పాఠం

2001 ఆగస్టు 6వ తేదీ. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడి. అక్కడి దర్గాకు పోతే మతిభ్రమణం నయమవుతుందన్న నమ్మకంతో ఎక్కడెక్కడినుంచో రోగులను తీసుకువచ్చేవారు. వాళ్ళను ఉంచుకోవడానికి ఆ చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. ఆనాటి తెల్లవారుజామున అలాంటి ఒక ఆశ్రమంలో పాకకు నిప్పంటుకుంది. లోపలి రోగులు గొలుసులతో కట్టివేసి ఉన్నారు. పరుగెత్తడానికి వీల్లేదు. 28 మంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, ఇలాంటి చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో సర్వే చేయమని రాష్ట్రాలను ఆదేశించింది.

ఒక్క సంగతి గమనించండి. మానసిక రోగులను ఉంచుకునే సంస్థకు లైసెన్సు ఉండాలని అంతకు చాలా ముందే, 1987లోనే చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది. రోగులు గొలుసుల్లో ఉన్నారు. వాళ్ళను అక్కడికి తెచ్చింది పగవాళ్ళు కాదు, వాళ్ళ బాగు కోరిన సొంతవాళ్ళే. "మీకు లైసెన్సు ఉందా?" అని గుమ్మంలో నిలబడి అడిగే అలవాటు మనకు లేదు. ఆ అలవాటు ఎందుకు చేసుకోవాలో చెప్పడానికి ఏర్వాడి కంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

పుత్తూరు కట్టుకూ, ఆశ్రమానికీ తేడా

"మంచి పేరున్న చోటికే పంపుతాం, ఇంకా ఈ కాగితాలెందుకు?" అని మీరు అడగవచ్చు. మన పక్కనే ఉన్న పుత్తూరు కట్టు సంగతి తీసుకోండి. ఎముక విరిగితే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. ఆ పేరు సర్టిఫికెట్ల వల్ల రాలేదు, నోటిమాట వల్ల వచ్చింది. కట్టు కట్టించుకున్నవాడు ఇంటికి పోతాడు. నయమైతే నయమైందని, కాకపోతే కాలేదని పదిమందికి చెబుతాడు. (ఆ వైద్యం మంచిచెడ్డలు ఇప్పుడు మన చర్చ కాదు. అయితే ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చినా, కట్టు తరువాత వేళ్ళు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. ఇది మాత్రం మరచిపోకండి.)

ఆశ్రమం సంగతి అలా కాదు. లోపలున్న మనిషి బయటికి రాడు. వచ్చి చెప్పినా మనం వినం. "ముసలాయన చాదస్తం", "మతిలేనివాడి మాట", "తాగుబోతు ఏమైనా చెబుతాడు" అని కొట్టిపారేస్తాం. నోటిమాట నడవాలంటే ముందు నోరుండాలి కదా! నోరు లేనివారి తరఫున, ఆ సంస్థతో లాభనష్టాలు లేని బయటివాళ్ళు లోపలికి వెళ్ళి చూడాలి, చూసినది చెప్పాలి. ఆ ఏర్పాటు పేరే గుర్తింపు. ఇంగ్లీషువాళ్ళు అక్రెడిటేషన్ అంటారు.

గోడ మీది కాగితాలు మూడు రకాలు

ఆఫీసు గదిలో అద్దాల ఫ్రేముల్లో వేలాడే కాగితాలన్నీ ఒకటి కావు. వాటిని మూడు రకాలుగా విడదీసి చూడడం నేర్చుకోండి.

మొదటి రకం: సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరు చేసుకున్న కాగితం, విరాళాలిచ్చేవారికి ఆదాయపు పన్నులో రాయితీ కల్పించే 80జి కాగితం, నీతి ఆయోగ్ వారి దర్పణ్ నంబరు. ఇవన్నీ "ఈ పేరుతో ఒక సంస్థ ఉంది" అని మాత్రమే చెబుతాయి. అక్కడ మనుషులను ఎలా చూసుకుంటారో వీటిలో ఒక్క ముక్క కూడా ఉండదు. సర్కారు ముద్ర చూసి మనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

రెండవ రకం: ఫలానా పని చేయడానికి ఫలానా చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషన్. ఇది తప్పనిసరి. ఇది లేకుండా నడపడం నేరం. బస్సుకు పర్మిట్ వంటిది ఇది.

మూడవ రకం: నాణ్యతా గుర్తింపు. ఇది స్వచ్ఛందం. "మమ్మల్ని వచ్చి పరీక్షించండి" అని సంస్థే పిలుస్తుంది. ముందు తన లోపాలను తానే లెక్క వేసుకోవాలి. తరువాత పరిశీలకులు వచ్చి రిజిస్టర్లు తిరగేస్తారు. వార్డులు తిరుగుతారు. పనివాళ్ళతో, రోగులతో మాట్లాడతారు. మందులు ఎక్కడ పెడుతున్నారు, మనిషి జారిపడితే ఎవరు రాసిపెడుతున్నారు, ఫిర్యాదు వస్తే ఏం చేస్తున్నారు, నిప్పంటుకుంటే ఏ దారిన బయటికి తెస్తారు అని అడుగుతారు. గుర్తింపు ఇచ్చినా అది కొన్నేళ్ళకే. గడువు తీరితే మళ్ళీ పరీక్ష. పర్మిట్ ఉన్న బస్సులన్నీ బాగా నడుస్తాయా? డ్రైవరు ఎలా నడుపుతున్నాడో పక్కన కూర్చుని చూడడం లాంటిది ఈ మూడవ రకం.

ఈ పద్ధతి ఎక్కడిది?

అమెరికాలో శస్త్రవైద్యుల సంఘంవారు ఆస్పత్రులకు కనీస ప్రమాణాలు రాసి, వంద పడకలకు పైబడ్డ 692 ఆస్పత్రులను పరీక్షించారు. నెగ్గినవి 89 మాత్రమే. 1919లో ఆ లెక్క చెప్పారు గాని, పేర్ల జాబితా పత్రికలవారి చేతికి పోతుందని భయపడి రాత్రికి రాత్రి దాన్ని తగలబెట్టేశారట! తప్పినవాటిలో పేరు మోసిన ఆస్పత్రులు కూడా ఉండటమే కారణం. పేరు వేరు, ప్రమాణం వేరు అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ దేశంలోనే 1966లో వికలాంగుల పునరావాస కేంద్రాలకు, 1977లో పిల్లల, కుటుంబాల సంక్షేమ సంస్థలకు వేరువేరుగా గుర్తింపు సంస్థలు ఏర్పడ్డాయి.

మన దేశంలో భారత నాణ్యతా మండలి కింద ఆస్పత్రుల గుర్తింపు బోర్డు 2005లో ఏర్పడింది. ఎన్.ఎ.బి.హెచ్. అని మీరు ఆస్పత్రుల గుమ్మాల మీద చూసే అక్షరాలు ఈ బోర్డువే. ప్రభుత్వ ఆస్పత్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు 2013 నుంచి జాతీయ నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి. మొత్తం మీద కనీసం 70 శాతం మార్కులు వస్తేగాని ఆ సర్టిఫికెట్టు రాదు. మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రికి అది వచ్చిందా, ఎన్ని మార్కులు వచ్చాయి అని సూపరింటెండెంటుగారిని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. మీరు అడుగుతారని తెలిస్తే వాళ్ళకూ పట్టుదల పెరుగుతుంది.

ఎవరికి ఏ కాగితం?

ఇప్పుడు మీ అవసరానికి వద్దాం.

పిల్లలు: తల్లిదండ్రులు లేని పిల్లలను, పెంచే దిక్కులేని పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరు కావాలి. కాకుండా నడిపితే ఏడాది వరకు జైలో, లక్ష రూపాయలకు తగ్గని జరిమానాయో, రెండూనో. "పిల్లను మా దగ్గర వదలండి, చదివిస్తాం" అని ఎవరైనా వస్తే చేతికిచ్చి పంపకండి. జిల్లా బాలల సంక్షేమ సమితి ద్వారానే ఏదైనా జరగాలి.

వికలాంగులు, బుద్ధిమాంద్యం ఉన్నవారు: వీరి సంస్థలకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్టును అందరికీ కనబడే చోట పెట్టాలి. బీరువాలో ఉందని చెబితే తీసి చూపించమనండి.

మానసిక రోగులు, తాగుడు మానవలసినవారు: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వీరిది. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మద్యం, మత్తుమందుల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఈ చట్టం దృష్టిలో మానసిక రుగ్మతలే. అంటే 'డీ-అడిక్షన్ సెంటర్' అని బోర్డు పెట్టి మనుషులను చేర్చుకునే చోటు కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు కావాలి. ఆంధ్రలో ఉన్నదైతే ఆంధ్ర సంస్థ దగ్గర, సరిహద్దు దాటి ఉన్నదైతే తమిళనాడు సంస్థ దగ్గర. రోగిని గొలుసుతో కట్టడాన్ని ఈ చట్టం పూర్తిగా నిషేధించింది. మందిరమైనా, మఠమైనా, ప్రార్థనాలయమైనా, రోగులను చేర్చి ఉంచుకుంటే మినహాయింపు లేదు.

ముసలివాళ్ళు: ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమానికి 2007లో కేంద్రచట్టం వచ్చింది గాని, ప్రైవేటు వృద్ధాశ్రమాలన్నీ రిజిస్టరు కావాలన్న నియమం అందులో లేదు. 2019లో ఆ నియమాన్ని చేరుస్తూ పార్లమెంటులో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆగిపోయింది. కనుక వృద్ధాశ్రమం విషయంలో కాగితం కంటే మీ కళ్ళే ముఖ్యం. అన్నట్టు, తల్లిదండ్రులను దిక్కులేకుండా వదిలేయడం అదే చట్టం కింద శిక్షార్హమైన నేరం. ఆశ్రమంలో చేర్చి మళ్ళీ అటు తిరిగి చూడనివారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తాగుడు మాన్పించే చోట డాక్టరు ఎందుకు?

ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. "నాలుగు రోజులు గదిలో వేసి తాళం పెడితే వాడే మానుతాడు" అనుకునేవారు ఇంకా ఉన్నారు. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే, మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండవ రోజు నుంచి నాలుగవ రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం వచ్చి, గుండె వేగం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇది దయ్యం పట్టడం కాదు, మొండితనం అంతకంటే కాదు. మందులున్న జబ్బు. విటమిన్ బి1 ఇంజక్షన్, వణుకు తగ్గించే మందులు, కనిపెట్టి చూసే నర్సు ఉంటే చాలామంది క్షేమంగా గట్టెక్కుతారు. అందుకే డాక్టరు లేని డీ-అడిక్షన్ సెంటరు మందు లేని మందులషాపు వంటిది. లోగడ ఫిట్స్ వచ్చినవారిని, కామెర్లు ఉన్నవారిని ముందుగా మానసిక వైద్య విభాగం ఉన్న ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించండి. తిరుపతి రుయాకు వెళ్ళడం నగరివాళ్ళకు కొత్త కాదు కదా.

మీ కళ్ళతో చూడవలసినవి

చెప్పిపెట్టి వెళ్తే ముగ్గులు వేసి ఉంచుతారు. చెప్పకుండా వెళ్ళండి. భోజనం వేళకు వెళ్తే ఇంకా మంచిది. ఈ కింది విషయాలు చూడండి, అడగండి:

1. గుమ్మం దాటగానే ఏ వాసన వస్తోంది? ఎడతెగని మూత్రం కంపు వస్తుంటే పక్కలు మార్చేవారు లేరన్నమాట.

2. మంచాన ఉన్నవారి మడమలు, పిరుదులు, నడుము కింది భాగం చూపించమనండి. అక్కడ ఎర్రబడినా, పుండు పడినా తిప్పి పడుకోబెట్టడం లేదని అర్థం.

3. పక్కన మంచినీళ్ళు అందేటట్టు ఉన్నాయా? గోళ్ళు కత్తిరించి ఉన్నాయా?

4. రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది పనివాళ్ళు? వాళ్ళ పేర్లేమిటి?

5. డాక్టరు ఎన్ని రోజులకొకసారి వస్తారు? ఆయన రాసిన చీటీలు ఎక్కడున్నాయి?

6. ప్రతి రోగి మందులూ అతని పేరు రాసి విడిగా పెట్టారా, అందరివీ ఒకే డబ్బాలోనా?

7. ఎక్కడైనా గొలుసు, తాడు, బయటినుంచి తాళం వేసిన గది కనిపించిందా?

8. నిప్పంటుకుంటే బయటికి రావడానికి రెండవ దారి ఉందా? ఆ దారిలో సామాను పేర్చి ఉందా?

9. ఇంటివాళ్ళు ఎప్పుడు రావచ్చు? ఫోను చేసుకోనిస్తారా?

10. ఫిర్యాదుల పుస్తకం ఉందా? అందులో ఒక్క ఫిర్యాదు కూడా లేకపోతే సంతోషించకండి. వందమంది ఉన్న చోట ఎవరికీ ఎన్నడూ ఏ కష్టమూ రాలేదంటే నమ్మగలమా?

అక్కడున్న ఒకరితో ఒంటరిగా ఐదు నిమిషాలు మాట్లాడతామని అడగండి. "లోపలికి రావడానికి వీల్లేదు, మా పద్ధతి అంతే" అన్నారా, సంచి దించకండి. తిరిగి వచ్చేయండి.

చిన్న సంస్థల మాట

ఇదంతా చదివి సేవ చేసేవారందరినీ అనుమానించవద్దు. మన ప్రాంతం సేవకు పేరుపడ్డది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లోనే క్షయరోగులకు శానిటోరియం వెలిసింది. తిరుపతిలో 1981లో రాష్ట్రీయ సేవాసమితి మొదలైంది. పేరు లేని చిన్న సంస్థలు కూడా ఎన్నో మనసు పెట్టి పనిచేస్తున్నాయి. మూడవ రకం గుర్తింపుకు ఖర్చూ, రాతకోతలూ ఎక్కువ. ఇరవైమందిని సాకే చిన్న ఆశ్రమానికి అది తలకు మించిన భారం కావచ్చు. కనుక నాణ్యతా గుర్తింపు లేదన్న కారణంతోనే మంచి చోటును కాదనకండి. కాని చట్టం ప్రకారం ఉండవలసిన రిజిస్ట్రేషన్ లేకపోతే మాత్రం, ఎంత మంచివాళ్ళయినా "ముందు అది తెచ్చుకోండి" అని చెప్పండి. ఆ ఆశ్రమానికి బియ్యం బస్తాలిచ్చే దాతలు, పుట్టినరోజున అన్నదానం చేయించేవారు కూడా ఈ ఒక్క మాట అడిగితే ఎంతో మేలు. దాత అడిగితే ఎవరూ కాదనరు.

చేర్చిన తరువాత

పరిశీలకులు ఎన్నాళ్ళకోగాని రారు. వచ్చిన ఆ రోజు ఎలా ఉందో మాత్రమే వాళ్ళ కాగితం చెబుతుంది. మిగిలిన రోజుల లెక్క చూడవలసింది మీరే. ఎవరూ చూడటానికి రాని రోగికి అందే సేవ ఎక్కడైనా తగ్గే ప్రమాదం ఉంది. కుటుంబంలో వంతులు వేసుకుని వెళ్ళండి. ఒక వారం కొడుకు, ఒక వారం కూతురు, ఇంకో వారం అల్లుడు. బరువు తగ్గాడా, ఒంటిమీద దెబ్బలున్నాయా, ఎప్పుడు చూసినా మత్తులోనే ఉంటున్నాడా అని చూడండి. అవసరానికి మించి మత్తుబిళ్ళలిచ్చి పడుకోబెట్టడం కూడా ఒక రకం గొలుసే.

మానసిక చికిత్సా సంస్థ అయితే, సమీక్షా బోర్డు చిరునామా, ఫోను నంబరు అందరికీ కనబడేలా పెట్టాలి. అక్కడినుంచి ఆ బోర్డుకు ఉచితంగా ఫోను చేసుకునే సౌకర్యం రోగికి కల్పించాలి. ఇది దయ కాదు, హక్కు. రిజిస్టరయిన సంస్థలను మూడేళ్ళకొకసారి తనిఖీ చేయాలని కూడా అదే చట్టం చెబుతోంది. చివరిసారి ఎప్పుడు చేశారో అడగండి.

తేడా కనిపిస్తే ఊరుకోకండి. పిల్లల విషయమైతే 1098, వృద్ధుల విషయమైతే 14567, మానసిక సమస్యలకు 14416, మద్యం, మత్తుమందుల సమస్యకు 14446 నంబర్లకు ఫోను చేయవచ్చు. అన్నీ ఉచితమే. రాతపూర్వకంగా ఇవ్వాలంటే జిల్లా కలెక్టరుగారికి అర్జీ పెట్టండి. అర్జీ నకలు ఒకటి మీ దగ్గర దాచుకోండి.

ఈ పేజీని కత్తిరించి రేషను కార్డుతో పాటు దాచండి. మీకు అవసరం రాకపోతే సంతోషమే. పక్కింటివాళ్ళకు అవసరమైన రోజున ఆ పది ప్రశ్నలు చదివి వినిపించండి. వీలైతే వాళ్ళకు తోడుగా మీరూ వెళ్ళండి. కంగారులో ఉన్న మనిషికి కనబడనిది తోడు వెళ్ళిన మనిషికి కనబడుతుంది.